ఇరవై ఏడు పాయింట్ నాలుగు

జూన్ 24

పెళ్ళయ్యాక డైరీ పట్టడం ఇదే మొదలు. మా ఆయనకి చేపల మేత కొట్లో ఎవరో ఇచ్చిన డైరీ ఒకటి ఖాళీగా పడుంటే తెచ్చుకున్నాను. బీరువాలో పట్టుచీరల కింద పెడతాను. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం ఒక్క ముక్క రాయను. దాంట్లో పడింది ఇక చెరగదు.

ఆ లాప్‌టాపులు పోయిన వారమే ఇచ్చారు. ఏటిగట్టు చూసే ఏఈలకు తలా ఒకటి. కంపెనీ మనిషి మా కళ్ళముందే దాన్ని టేబుల్ మీంచి సిమెంటు నేల మీదకి తోసేశాడు. అందరం "అయ్యయ్యో" అన్నాం. మూత తెరిస్తే శుభ్రంగా వెలుగుతోంది. వాటర్ బాటిల్ తీసి దాని నెత్తిన కుమ్మరించాడు. అప్పుడూ వెలుగుతూనే ఉంది. ఇంతా చేసి బరువు కిలోంబావు. నా హ్యాండ్‌బ్యాగే అంతకంటే బరువు.

"వానొచ్చింది, తడిసింది, బురదలో పడింది అని ఇక సాకులు చెప్పడానికి లేదు" అన్నారు మా డీఈ పార్థసారథి గారు. గట్టు మీద ప్రతి రెండొందల మీటర్లకీ ఒక పాయింటు. ఆ చోట నిలబడితే తప్ప వివరాలు తీసుకోదు. ఏటి వైపు ఒక ఫొటో, ఊరి వైపు ఒక ఫొటో. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, ఏదో ఒకటి నొక్కాలి. పంపాక మనం మార్చలేం. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఈ రోజు ఇరవై ఏడు పాయింట్ నాలుగో కిలోమీటరు దగ్గర ఆకుపచ్చ నొక్కాను.

అక్కడ గట్టు కింద మా బావగారి పైపు ఉంది. ఏప్రిల్లో గట్టు అడ్డంగా తవ్వి, చేపల చెరువులోకి గోదారి నీళ్ళు తెచ్చుకోవడానికి వేయించారు. పైన కంకర పోసి సాపు చేయించారు. గట్టు తవ్వకూడదు, పైపు వేయకూడదు. ఆ మాట చెప్పాల్సిన ఏఈని నేనే. ఆ కొత్త కంకర మీదే నిలబడి ఫొటోలు తీశాను. కాళ్ళ కింద ఉంది కాబట్టి ఫొటోలో పడలేదు.

పైపు చిన్నదే. ఎనిమిదంగుళాలు.

జూన్ 25

నిద్ర బాగానే పట్టింది.

జులై 2

తాతాజీ బావగారు వచ్చారు. ఆత్రేయపురం వెళ్ళొచ్చారట, పూతరేకుల డబ్బా తెచ్చారు. అత్తగారితో కాసేపు మాట్లాడి, వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"అమ్మా లావణ్యా, నీకేం ఇబ్బంది రాలేదు కదా?"

"ఏం లేదండి. పైపు మాత్రం వరద రాకముందే తీయించేయండి బావగారూ."

"తీయాలంటే గట్టు మళ్ళీ తవ్వాలి కదమ్మా. పదిమందికీ తెలుస్తుంది. మూసేశాన్లే. సిమెంటూ, రేగడిమట్టీ వేసి గట్టిగా మూసేశాను. చుక్క దిగదు."

మూసేశారు. అయిపోయింది. ఆయన మాటంటే మాటే. నేను ఉద్యోగంలో చేరతానంటే ఈ ఇంట్లో అందరూ మూతులు ముడుచుకున్నారు. "కోడలు ఇంజినీరైతే మనకే గొప్ప" అని ఆ రోజు నా పక్కన నిలబడింది ఆయనొక్కరే. రాజమండ్రిలో పరీక్షకి నన్ను బండి మీద తీసుకెళ్ళి, మూడు గంటలు ఎండలో కూర్చుని, మళ్ళీ తీసుకొచ్చింది ఆయనే. అలాంటి మనిషి పేరు ఎర్ర గుర్తు పక్కన ఎలా రాస్తాను?

పూతరేకులు బాగున్నాయి. నేను ఒకటే తిన్నాను.

జులై 9

ఈ రోజు ఆఫీసులో ఎవరూ లేనప్పుడు తీసి చూశాను. ఇరవై ఏడు పాయింట్ నాలుగు. తేదీ, టైము, నా పేరు, నేను నిలబడిన చోటు. మార్చబోతే "పై అధికారి అనుమతి అవసరం" అని వచ్చింది. పార్థసారథి గారిని అడగాలి. అడిగితే ఎందుకమ్మా అంటారు. ఏం చెప్పను?

అక్కడికి వెళ్ళలేదని కూడా చెప్పలేను. వెళ్ళానని అదే చెబుతోంది. సరిగ్గా పైపు మీదే నిలబడ్డానని చెబుతోంది.

గట్టు కింద నూట అరవై ఇళ్ళున్నాయి. అంగన్‌వాడీ ఉంది. ఇది ఎందుకు రాస్తున్నానో నాకే తెలీదు. పైపు మూసేశారు కదా.

జులై 11

లాప్‌టాప్ కాలవలో పడింది. లాకుల దగ్గర స్కూటీ ఆపి దిగుతుంటే చెయ్యి జారింది. నీళ్ళు నిండుగా ఉన్నాయి. మునిగిపోయింది.

గట్టు కాపలా చూసే లస్కరు అప్పాజీ అటుగా వస్తూ చూశాడు. నేను "వద్దు అప్పాజీ, పోతే పోయింది" అని అరుస్తూనే ఉన్నాను. చొక్కా విప్పి గట్టు మీద పెట్టి దూకేశాడు. అరవయ్యేళ్ళ మనిషి. మూడుసార్లు మునిగి, నాలుగోసారి దాన్ని పట్టుకుని పైకొచ్చాడు. తల తుడుచుకోకుండా ముందు దాన్ని తుడిచాడు తువ్వాలుతో.

"ఏం కాలేదండి మేడం గారూ. చూడండి, ఎలాగ వెలుగుతుందో!"

వెలుగుతోంది. అప్పాజీ ముఖం కూడా వెలిగిపోతోంది. థాంక్స్ చెప్పి, టీ తాగమని ఇరవై రూపాయలిచ్చాను.

జులై 12

చెయ్యి జారలేదు. వదిలేశాను.

లాప్‌టాప్ పోతే ఆ ఫొటోలు పోతాయనుకున్నాను. అవి పంపిన రోజే పైకి వెళ్ళిపోయాయి, ఇందులో ఉన్నా లేకపోయినా ఒకటే. ఇంజినీరింగ్ చదివాను, ఆ మాత్రం తెలీదా? తెలుసు. అయినా వదిలేశాను. భయం పట్టుకున్న మనిషికి చదువు ఎందుకు పనికొస్తుంది?

అప్పాజీకి ఏమైనా అయ్యుంటే?

జులై 19

భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోంది. ఆఫీసంతా హడావుడి. పార్థసారథి గారు గోడ మీద పెద్ద తెర పెట్టించారు. మేం నొక్కిన రంగులన్నీ అందులో కనిపిస్తున్నాయి. గట్టు పొడుగునా చుక్కలు. ఎరుపున్న చోటికి ఇసుక బస్తాలు, సరుగుడు బాదులు, పదిమంది మనుషులు. పసుపున్న చోటికి సగం. ఆకుపచ్చ దగ్గర ఏమీ ఉండవు.

"ఇదివరకు ఎక్కడ బలహీనంగా ఉందో వెతుక్కునేసరికే పుణ్యకాలం గడిచిపోయేది. ఇప్పుడు చూడండి, కళ్ళకి కట్టినట్టుంది" అన్నారు. నా సెక్షన్ వైపు చూపించి, "లావణ్య ఒక్క పాయింటు కూడా వదల్లేదు, వర్షంలో కూడా నడిచింది" అని అందరి ముందూ మెచ్చుకున్నారు.

ఇరవై ఏడు పాయింట్ నాలుగు ఆకుపచ్చగా ఉంది. ఆ చుట్టుపక్కల కిలోమీటరు పొడుగునా ఒక్క మనిషిని వేయలేదు. అప్పాజీని కూడా అక్కణ్ణించి తీసి వేరే చోట వేశారు.

బాత్రూమ్‌కి వెళ్ళి కుళాయి తిప్పి కూర్చున్నాను.

జులై 20

మూసేశారు. మూసేశారు. ఆయన అబద్ధం చెప్పరు.

జులై 21, ఉదయం

ధవళేశ్వరం దగ్గర పదకొండు ముప్పావు అడుగులు. మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు.

ఆఫీసుకి వెళుతూ దారిలో బావగారి చెరువు దగ్గర ఆగాను. ఆయన మేత చల్లించుకుంటున్నారు. అడగాలనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది.

"బావగారూ, పైపు ఏ వైపు మూశారు?"

"ఏ వైపేంటమ్మా? చెరువు వైపే. చేపపిల్ల కూడా దాటదు. ఎప్పుడూ అంతే కదా."

ఎప్పుడూ అంతే. చేపలవాళ్ళకి మూయడమంటే చెరువు వైపే. చేప బయటికి పోకూడదు, అంతే వాళ్ళ లెక్క. నేనే అడగలేదు. జులై రెండున వంటింటి గుమ్మంలో ఒక్క మాట అడిగి ఉంటే ఆయన చెప్పేవారు. అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు.

ఏటి వైపు మూత లేదు. ఏరు పెరిగే కొద్దీ నీళ్ళు పైపులోకి వచ్చి, గట్టు మధ్యలో, దారి లేక, అతుకుల మీద తోస్తూ ఉంటాయి. ఒక అతుకు విడిందంటే గట్టు కడుపులోంచే మట్టి కరగడం మొదలవుతుంది. పైన కంకర అలాగే ఉంటుంది. పైనుంచి చూసేవాళ్ళకి ఏమీ తెలీదు.

"ఏమ్మా, అలా అయిపోయావేంటి?" అన్నారు బావగారు. స్కూటీ స్టార్ట్ చేయడానికి నాలుగుసార్లు పట్టింది.

జులై 21, సాయంత్రం

మా ఆయనకి చెప్పాను. ఉదయభాస్కర్ నెమ్మదైన మనిషి. గొంతు పెంచడు. ఈ రోజు కూడా పెంచలేదు.

"ఇప్పుడు చెబితే ఏమవుతుంది? అన్నయ్య మీద కేసు. నీ ఉద్యోగం పోతుంది. ఊళ్ళో మన ముఖం ఎవరు చూస్తారు? రెండు రోజులు ఆగు. వరద తగ్గగానే ఆ పైపు నేనే తీయిస్తాను."

"తగ్గకపోతేనండీ?"

"ప్రతి ఏడాదీ వస్తోంది, పోతోంది. ఎప్పుడైనా తెగిందా?"

ఆయన మాటలో న్యాయం ఉన్నట్టే ఉంది. అన్నం పెట్టుకున్నాను. ముద్ద దిగలేదు. అత్తగారు "ఒంట్లో బాలేదా అమ్మా?" అని నుదురు తాకి చూశారు. ఆ చెయ్యి తగలగానే ఏడుపొచ్చేసింది. గ్యాస్ అని చెప్పాను.

జులై 22

పదమూడు ముప్పావు. రెండో హెచ్చరిక.

పొద్దున్న ఏడింటికే రెయిన్‌కోటు వేసుకుని బయల్దేరాను. మా ఆయన గేటు దగ్గర నిలబడి "లావణ్యా" అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు.

వాన కుండపోత. గట్టు మీద ఎవరూ లేరు. ఏరు రెల్లు మొత్తం ముంచేసింది. పైపు మూతి ఎక్కడో నీళ్ళ కింద ఉంది. ఊరి వైపు కిందికి దిగాను, గడ్డి పట్టుకుని. వాలు మధ్యలో ఒక చోట నేల తడిగా ఉంది. వాన కదా, తడిగా ఉండదా అనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే ఆ తడి కదులుతోంది. బొటనవేలంత ఊట.

అప్పాజీకి ఫోన్ చేశాను. సైకిల్ మీద వచ్చాడు. టీ గ్లాసు ఒకటి జేబులోంచి తీసి ఆ ఊట కింద పట్టాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు. గ్లాసులో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తేట నీళ్ళయితే భయం లేదండి. ఇది మట్టి తెస్తందండి. లోపల తినేస్తంది."

నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు. కిందికి చూస్తే అంగన్‌వాడీ రేకుల కప్పు కనిపిస్తోంది. పొయ్యి అంటించినట్టున్నారు, పొగ వస్తోంది.

లాప్‌టాప్ తీశాను. వానలో, మోకాళ్ళ మీద పెట్టుకుని, తడి వేళ్ళతో. ప్రతి అక్షరం కనిపిస్తోంది. అదే చోట కొత్త వివరం రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎరుపు నొక్కాను. "కారణం" అని అడిగింది. రాశాను: గట్టు కింద ఎనిమిదంగుళాల పైపు. వేసింది తాతాజీ. జూన్ 24న తనిఖీ చేసినప్పుడే నాకు తెలుసు. తెలిసే ఆకుపచ్చ నొక్కాను.

ఫొటో తీశాను. పంపాను. వెళ్ళిపోయింది.

పార్థసారథి గారు ఫోన్ చేశారు. ఆయన ఒక్క ప్రశ్నే అడిగారు, "నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?" చెప్పాను. "ముప్పావు గంటలో బస్తాలు వస్తాయి. నువ్వక్కడే ఉండు" అన్నారు.

బస్తాల లారీ కంటే ముందు ఒక ట్రాక్టరు వచ్చింది. బావగారిది. మేత సంచుల్లో చెరువు గట్టు మట్టే నింపుకుని, చెరువు మనుషులతో వచ్చారు. ఎవరు చెప్పారో ఏమో. దిగి నా దగ్గరికొచ్చారు.

"నా పేరు రాశావా అమ్మా?"

"రాశానండి."

"సరే" అన్నారు. ఒక సంచి భుజానెత్తుకుని వాలు దిగారు.

ఊట చుట్టూ గుండ్రంగా బస్తాలు పేర్చారు. మధ్యాహ్నం రెండింటికి గ్లాసులో నీళ్ళు తేటపడ్డాయి. అప్పాజీ ఆ గ్లాసు నాకు చూపించి నవ్వాడు. నేను గట్టు మీదే బురదలో చతికిలబడి ఏడ్చాను.

జులై 23

గట్టు నిలిచింది.

జులై 25

ఏరు రెండడుగులు తగ్గింది. పార్థసారథి గారు ఆఫీసులో తలుపు వేసి మాట్లాడారు.

"ఎలక కన్నమని రాసినా బస్తాలు పంపేవాణ్ణి కదమ్మా. తెలిసే నొక్కానని ఎందుకు రాశావ్? నేనిప్పుడు నీకేం చెయ్యను?"

ఎలక కన్నమని రాస్తే పైపు అక్కడే ఉండిపోతుంది సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సస్పెన్షన్ ఆర్డరు రేపొస్తుంది. రేపు సాయంత్రం నాలుగింటికల్లా లాప్‌టాప్ అప్పగించాలి.

ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడట్లేదు. అత్తగారు కంచం పెట్టి వెళ్ళిపోతున్నారు. మా ఆయన మాత్రం ఎప్పటిలాగే నెమ్మదిగా ఉన్నాడు. ఎగువన ఇంకో ఊళ్ళో కౌలుకి తీసుకున్న చెరువుకి రోజూ వెళ్ళొస్తున్నాడు. నాకు అదే ధైర్యంగా ఉంది.

జులై 26, ఉదయం

భద్రాచలంలో మళ్ళీ పెరుగుతోంది. ఎల్లుండికి ఇక్కడికొస్తుంది. ఈసారి ఇంకా ఎక్కువట.

ఆర్డరు తీసుకుని బయటికొస్తే అప్పాజీ మెట్ల కింద నిలబడున్నాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు, ఏదో తప్పు చేసినవాడిలా.

"మేడం గారండీ, ఒక మాట. ఆ పైపొక్కటే కాదండి. మీ సెక్షన్లో ఇంకో ఆరున్నాయండి. రెల్లు కింద కనబడవు. నాకు తెలుసండి. ఇదివరకు ఏఈ గార్లెవరూ రాయలేదు. మీరూ రాయరనుకున్నానండి."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పమంటారండి?"

టైము తొమ్మిదిన్నర. నాలుగు దాకా లాప్‌టాప్ నా చేతిలోనే ఉంటుంది. స్కూటీ మీద ఎక్కించుకున్నాను అతన్ని.

జులై 26, సాయంత్రం

నాలుగింటికి లాప్‌టాప్ అప్పగించేశాను. ఐదు ఎరుపు గుర్తులు పెట్టాను. పద్దెనిమిది పాయింట్ రెండు నుంచి ఇరవై తొమ్మిది దాకా, ఎండలో, రెల్లులో, ముళ్ళు గీరుకుంటూ. బస్తాలు ఆ ఐదింటికీ అప్పుడే బయల్దేరాయి. ఆరోదానికి టైం చాలలేదు. ఇరవై రెండు పాయింట్ రెండు. పోనీలే, ఐదైనా రాశాను.

ఆరున్నర

టైం చాలక కాదు. అక్కడ నిలబడినప్పుడు మూడున్నరే అయింది.

అప్పాజీ రెల్లు పక్కకి తప్పించి చూపించాడు. పాతదే, రెండేళ్ళ నాటిది. నేను ఈ సెక్షన్‌కి రాకముందుది. లాప్‌టాప్ తెరిచి ఎరుపు నొక్కి, "ఎవరిది?" అన్నాను. అప్పాజీ నా ముఖంలోకి చూడలేదు.

"అది మీకు తెలుసనుకున్నానండి. మీ ఆయనగారిదే కదండి. భాస్కర్ గారిది."

కౌలు చెరువు. దానికి నీళ్ళు ఎలా వస్తాయని నేను ఎప్పుడూ అడగలేదు. "ప్రతి ఏడాదీ వస్తోంది, పోతోంది" అన్నాడు కదా నాతో, అంత నెమ్మదిగా. పైపు తీయిస్తానన్నాడు. ఏ పైపు?

పంపకుండానే లాప్‌టాప్ మూసేశాను. పద అప్పాజీ, టైం అయిపోతోంది అన్నాను. అతను రెల్లు మళ్ళీ కప్పి స్కూటీ ఎక్కాడు.

గట్టు కింద అక్కడ ఎన్ని ఇళ్ళున్నాయో నేను లెక్కపెట్టలేదు. చూడకుండా వచ్చేశాను. ఎల్లుండి నీరొస్తుంది. తెరమీద ఆ చుక్క ఆకుపచ్చగానే ఉంటుంది.

ఆయన హాల్లో టీవీ చూస్తున్నాడు. వరద వార్తలు. నాకు ఆయనంటే భయం లేదు, ఎప్పుడూ లేదు. ఇప్పుడెందుకు ఇంత భయంగా ఉందో తెలీట్లేదు. ఆయన నన్నేమంటాడని కాదు. ఏమీ అనడని భయం.

ఏడూ పది

ఫోన్ చేశాను.

"సార్, ఇంకోటి ఉంది. ఇరవై రెండు పాయింట్ రెండు. అక్కడికి కూడా బస్తాలు పంపండి. వెంటనే పంపండి సార్."

"ఎవరిదమ్మా? ఇంటిపేరుతో సహా చెప్పు, రాసుకుంటున్నాను."

హాల్లో టీవీ ఆగిపోయింది. ఆయన గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. నేను ఆయన్నే చూస్తూ పేరు చెప్పాను, ఉదయభాస్కర్ అని. తర్వాత ఇంటిపేరు చెప్పాను, నా ఇంటిపేరు.